ఇన్‌కంటాక్స్ డిమాండ్ వచ్చిందా? కట్టాలా, సరిచేయించుకోవాలా, అప్పీలుకెళ్లాలా

నవంబరులో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది. మా పాత స్కూల్లో సైన్సు చెప్పే టీచరు గారు. "మాస్టారూ, ఐటీ వాళ్ల మెసేజ్ వచ్చింది. పదహారు వేల చిల్లర కట్టాలట. రిఫండ్ వస్తుందని మీరే అన్నారు కదండీ?" అంటున్నారు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. ఆవిడ తమ్ముడు అప్పటికే "ఎందుకొచ్చిన గొడవ, కట్టెయ్" అన్నాడట. స్టాఫ్‌రూంలో ఒకాయన "పైసా కట్టొద్దు, అప్పీలుకెళ్దాం" అన్నాడట. ఇద్దరూ ఆ కాగితం తెరిచి చూసినవాళ్లు కాదు.

పదిహేనేళ్లుగా తోటి టీచర్లకు, చుట్టాలకు రిటర్నులు వేసిపెడుతున్నాను. నా అనుభవంలో భయపడినవాళ్లు కట్టక్కర్లేనిది కట్టేస్తారు, కోపం వచ్చినవాళ్లు కట్టాల్సినదాన్ని లాగి లాగి వడ్డీ పెంచుకుంటారు. ఎంత కట్టమన్నారన్నది చూసి దారి ఎంచుకోవద్దు. తేడా ఏ గడిలో వచ్చిందో చూడండి. ఆ తప్పు మీదా, డిపార్ట్‌మెంట్‌దా, మీ జీతంలో పన్ను పట్టుకున్నవాళ్లదా అన్నది తేల్చుకోండి. అది తేలితే దారి ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు.

మొదటి తేడా దగ్గర ఆగండి

ముందు అది నిజమైన నోటీసేనా చూడాలి. మెసేజ్‌లోని లింకు నొక్కకండి, వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలైతే అసలు ముట్టుకోకండి. ఇన్‌కంటాక్స్ పోర్టల్‌కు మీరే వెళ్లి లాగిన్ అవండి. నిజంగా డిమాండ్ ఉంటే అక్కడ కనబడుతుంది. 2019 అక్టోబరు 1 నుంచి డిపార్ట్‌మెంట్ ఉత్తరాల మీద డిన్ అనే గుర్తింపు నంబరు ఉంటోంది. పోర్టల్ మొదటి పేజీలోనే ఆ నంబరు కొట్టి ఉత్తరం అసలుదో నకిలీదో తెలుసుకోవచ్చు.

జీతగాళ్లకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం బెంగళూరులోని సీపీసీ (రిటర్నులు ప్రాసెస్ చేసే కేంద్రం) నుంచి 143(1) సెక్షన్ కింద వచ్చే ఇంటిమేషన్లే. పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్ కావాలి: పాన్ నంబరు చిన్న అక్షరాల్లో, దాని వెంటనే ఖాళీ లేకుండా పుట్టిన తేదీ ఎనిమిది అంకెల్లో. లోపల రెండు నిలువు వరసలుంటాయి. ఒకటి మీరు రిటర్న్‌లో చూపినది, రెండోది వాళ్లు లెక్కేసినది. అందరూ చివరి పేజీలో కట్టాల్సిన మొత్తం చూసి అక్కడే ఆగిపోతారు. మీరు పైనుంచి రండి. స్కేలు అడ్డం పెట్టుకుని ఒక్కో వరస దిగండి. రెండు అంకెలు మొదటిసారి ఎక్కడ వేరుపడ్డాయో అక్కడ ఆగి పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. దాని కింద పది గడులు మారి ఉండొచ్చు, అవన్నీ ఈ ఒక్క తేడాకి పుట్టిన పిల్లలే.

టీచరు గారి కాగితంలో జీతం సరిపోయింది, 80సీ సరిపోయింది, పన్ను రూపాయితో సహా సరిపోయింది. సెక్షన్ 89 రిలీఫ్ అన్నచోట ఆవిడ వరసలో రూ.14,200 ఉంది, వాళ్ల వరసలో సున్నా. దాని కింద, ముందస్తు పన్ను తగ్గిందని వేసే 234బీ, 234సీ వడ్డీలు చేరాయి. అంతే. ఆ ఏడాది పాత డీఏ బకాయిలు ఒకేసారి పడ్డాయి. ఏ ఏటి బకాయిని ఆ ఏటికి పంచి లెక్కేస్తే వచ్చే ఊరటే ఈ 89 రిలీఫ్. అది కావాలంటే రిటర్న్ వేయడానికి ముందే ఆన్‌లైన్లో 10ఈ ఫారం వేయాలి. ఆవిడ ఆ ఏడాది రిటర్న్ బయట ఎక్కడో వేయించుకున్నారు. వేసినాయన రిలీఫ్ అంకె పెట్టాడు, ఫారం మాత్రం మర్చిపోయాడు. పీఆర్సీ, డీఏ బకాయిలు పడిన ఏడాది మన రెండు రాష్ట్రాల ఉద్యోగులకు ఇది మామూలుగా తగిలే దెబ్బ.

ఇంటిమేషన్ కంటే ముందే కొందరికి "మీ రిటర్న్‌లో ఫలానా సవరణ చేయబోతున్నాం, జవాబివ్వండి" అని ఒక ఉత్తరం వస్తుంది. దానికి 30 రోజుల గడువు. అది చూసి అప్పుడే జవాబిస్తే డిమాండ్ దాకా పోదు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి పోర్టల్లో పాత ఇండియా నంబరు, ఎప్పుడూ తెరవని మెయిల్ ఇచ్చినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

డిమాండ్ వచ్చాక కట్టడానికి 30 రోజులు. దాటితే నెలకు 1 శాతం వడ్డీ. నెల మీద ఒక్క రోజు గడిచినా అది నెల కిందే లెక్క.

ఇంకో జాగ్రత్త. పోర్టల్లో "రెస్పాన్స్ టు అవుట్‌స్టాండింగ్ డిమాండ్" అనే చోట రెండు జవాబులుంటాయి: డిమాండ్ సరైనదే, ఒప్పుకోవడం లేదు. "సరైనదే" అని ఒకసారి పంపితే వెనక్కి తీసుకోలేరు. లెక్క సరిచూడకుండా దాన్ని నొక్కకండి.

కట్టేయడమే మేలైనప్పుడు

మా మేనల్లుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2024 సెప్టెంబరు దాకా ఒక కంపెనీ, అక్టోబరు నుంచి ఇంకోటి. రెండుచోట్లా నెలకు లక్ష. కొత్త పన్ను విధానం. మొదటి కంపెనీ ఏడాది మొత్తానికి పన్నెండు లక్షలని అంచనా వేసి, ఆరు నెలల వాటాగా రూ.35,750 పట్టుకుంది. రెండో కంపెనీలో చేరేటప్పుడు వీడు పాత జీతం వివరాలు ఇవ్వలేదు. వాళ్లు తామిచ్చే ఆరు లక్షలే చూశారు. స్టాండర్డ్ డిడక్షన్ రూ.75,000 తీసేస్తే రూ.5,25,000. ఆ సంవత్సరం ఏడు లక్షల దాకా పన్ను లేకుండా చేసే రిబేటు ఉంది కాబట్టి పైసా పట్టుకోలేదు. చేతికి జీతం ఎక్కువొస్తోందని వీడు సంబరపడ్డాడు.

రెండూ కలిపితే ఆదాయం రూ.11,25,000, పన్ను రూ.68,750, సెస్‌తో రూ.71,500. పట్టుకున్నది పోను ఇంకా రూ.35,750 బాకీ. రిటర్న్ వేసేటప్పుడు పోర్టల్ అది చూపించింది. వీడు "తర్వాత కడతాను" అన్న బటన్ నొక్కి మర్చిపోయాడు. డిమాండ్ వచ్చింది.

ఇలాంటిచోట వాదించడానికి ఏమీ లేదు. స్టాండర్డ్ డిడక్షన్ రెండుసార్లు వాడుకున్నవాళ్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ చూపించనివాళ్లు, గడువు దాటాక రిటర్న్ వేసి పాత విధానం ఎంచుకున్నవాళ్లు కూడా ఈ గుంపులోకే వస్తారు. ఆ చివరివాళ్లది నిజంగా బాధే, కానీ ఆలస్యంగా వేసే రిటర్న్‌లో పాత విధానం చెల్లదు.

కట్టేటప్పుడు డిమాండ్ పక్కనున్న "పే నౌ" నుంచే వెళ్లండి. డిమాండ్ నంబరు దానంతటదే చలానాకు తగులుకుంటుంది. విడిగా చలానా తీస్తే రకం దగ్గర 400 (డిమాండ్ మీద కట్టేది) ఉండాలి, 300 (రిటర్న్‌తో కట్టేది) కాదు. అసెస్‌మెంట్ ఇయర్ కూడా సరిచూసుకోండి. 2024-25లో సంపాదించినదానికి అసెస్‌మెంట్ ఇయర్ 2025-26. ఈ ఒక్క గడి తప్పుగా కొట్టి, డబ్బు కట్టి కూడా బాకీదారులుగా మిగిలినవాళ్లు నాకు తెలిసి అరడజను మంది ఉంటారు.

చేతిలో డబ్బు లేకపోతే? మేనల్లుడు క్రెడిట్ కార్డు తీయబోయాడు. కూర్చోబెట్టి లెక్క చూపించాను. గడువు దాటితే ప్రభుత్వం వేసే వడ్డీ ఈ బాకీ మీద నెలకు రూ.357. కార్డు బాకీ తిప్పుతూ నెలకు మూడున్నర శాతం పడితే రూ.1,250 దాటుతుంది, వడ్డీ మీద వడ్డీ వేరే. అలాగని డిమాండ్‌ను ఊరికే వదిలేయకూడదు. పెనాల్టీ వేసే అధికారం, బ్యాంకు ఖాతా నుంచి రాబట్టుకునే అధికారం వాళ్లకుంది. వచ్చే ఏడాది రిఫండ్ వస్తే అందులో మినహాయించుకుంటారు. సరైన పద్ధతి ఏమిటంటే, 30 రోజులు గడవకముందే మీ అసెసింగ్ ఆఫీసరుకు వాయిదాలు అడుగుతూ అర్జీ పెట్టుకోవడం. 220(3) సెక్షన్ కింద ఆయన ఇవ్వొచ్చు. నెలకు 1 శాతం వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఇంట్లో బంగారం ఉండి, బ్యాంకులో అంతకంటే తక్కువ వడ్డీకి దొరికితే అదే నయం, మనశ్శాంతి కూడా. మావాడు చివరికి వాళ్ల నాన్న దగ్గర తీసుకున్నాడు. తిట్లు అదనం.

రివైజ్డ్ రిటర్నా, రెక్టిఫికేషనా

సరిచేయించడం అనగానే చాలామంది ఈ రెండిటినీ ఒకటే అనుకుంటారు. తేడా తెలియక ఒకదాని బదులు ఇంకోటి వేసి ఆర్నెల్లు పోగొట్టుకుంటారు.

రిటర్న్‌లో మీరే తప్పు రాస్తే, ఏదైనా వదిలేస్తే రివైజ్డ్ రిటర్న్ వేయాలి. 2025-26 అసెస్‌మెంట్ ఇయర్‌కు దానికి 2025 డిసెంబరు 31 దాకా గడువుండేది. ఇంటిమేషన్ వచ్చినా సరే, గడువులోపల వేయొచ్చు. కొత్త డిడక్షన్ కలపొచ్చు, అంకె మార్చొచ్చు. దానికి రుసుము ఉండేది కాదు.

రెక్టిఫికేషన్ అంటే 154 సెక్షన్. రికార్డు చూడగానే కనబడే తప్పుకు మాత్రమే. మీ 26ఏఎస్‌లో (మీ పేరున జమైన పన్నుల పట్టీ) టీడీఎస్, అంటే ముందే పట్టుకున్న పన్ను, ఉంది, సీపీసీ కలపలేదు. చలానా కట్టారు, లెక్కలోకి రాలేదు. ఇలాంటివి. ఆ ఉత్తర్వు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల వరకు అవకాశం ఉంటుంది, దీనికీ ఖర్చు లేదు. కానీ ఇందులో కొత్త క్లెయిము పెడితే ఒప్పుకోరు. "ఎల్‌ఐసీ చూపించడం మర్చిపోయాను, రెక్టిఫికేషన్‌లో కలుపుదాం" అంటే కుదరదు. పోర్టల్లో కూడా రకాలున్నాయి. మీ రిటర్న్ సరిగ్గానే ఉంటే రీప్రాసెస్ చాలు. పన్ను కట్టిన వివరాల్లో తేడా ఉంటే టాక్స్ క్రెడిట్ మిస్‌మ్యాచ్ ఎంచుకోవాలి.

రెండిటికీ దారి ఉన్నప్పుడు నేను రివైజ్డ్ వైపే మొగ్గుతాను. అందులో లెక్క మొత్తం కొత్తగా జరుగుతుంది. రెక్టిఫికేషన్ అర్జీ మీద ఆరు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, ఈలోపు వడ్డీ గడియారం ఆగదు. టీచరు గారి విషయంలో ఇంకా నెలన్నర గడువుంది. ఆ ఆదివారమే కూర్చుని ముందు 10ఈ వేశాం, వెంటనే రివైజ్డ్ రిటర్న్ వేసి ఓటీపీతో వెరిఫై చేశాం. తర్వాత డిమాండ్ దగ్గరికెళ్లి "ఒప్పుకోవడం లేదు" ఎంచుకుని, కారణంగా రివైజ్డ్ రిటర్న్ రసీదు నంబరు ఇచ్చాం. ఈ చివరి పని చాలామంది చేయరు. "ఒప్పుకోవడం లేదు" అన్న జవాబు ఒక్కటే సమస్యను తీర్చదు. దాని వెనకాల రివైజ్డో, రెక్టిఫికేషనో, అప్పీలో ఏదో ఒకటి ఉండాలి. అయినా ఆ జవాబు రికార్డులో ఉంటే, ఏ జవాబూ లేదని రిఫండ్‌లోంచి కోసేయడం తగ్గుతుంది.

గడువు దాటాక ఆదాయం చూపించలేదని గుర్తొస్తే అప్‌డేటెడ్ రిటర్న్ ఉంది. 2025 ఏప్రిల్ నుంచి దాని గడువు నాలుగేళ్లకు పెరిగింది. పన్ను, వడ్డీల మీద అదనంగా మొదటి ఏడాది 25 శాతం, తర్వాత 50, 60, 70 శాతం కట్టాలి. రిఫండ్ కోసం గానీ పన్ను తగ్గించుకోవడానికి గానీ అది పనికిరాదు. "రిఫండ్ ఇప్పిస్తాను, అందులో నాకింత శాతం" అని పార్టీ విరాళాలు, లేని ఇంటి అద్దె రసీదులు పెట్టే ఏజెంట్ల చేతిలో పడినవాళ్లకు మాత్రం, నోటీసు రాకముందే బయటపడటానికి ఇదే దారి. తప్పుడు వివరాలని తేలితే ఆ పన్ను మీద 200 శాతం దాకా పెనాల్టీ ఉంది. అప్పుడు ఆ ఏజెంటు ఫోన్ ఎత్తడు.

జీతంలో పట్టుకున్నారు, ఖాతాలో లేదు

అన్నిటికంటే మనసు కష్టపెట్టే రకం ఇది. జీతం బిల్లులో నెలనెలా పన్ను కోశారు. పన్ను పట్టుకున్నామని ఆఫీసు ఇచ్చే ఫారం 16 కూడా ఉంది. 26ఏఎస్ తెరిస్తే ఖాళీ. సీపీసీ 26ఏఎస్‌నే చూస్తుంది కాబట్టి మీరు పన్నే కట్టలేదన్నట్టు డిమాండ్ పంపుతుంది.

ఇక్కడ దారి ఎంచుకోవడం పట్టుకున్నవాళ్లు ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రభుత్వ స్కూలు, ఆఫీసులైతే డబ్బు ట్రెజరీలోనే మళ్లి ఉంటుంది. డీడీఓ (జీతం బిల్లులు చేసే అధికారి) మూడు నెలలకోసారి వేయాల్సిన 24క్యూ అనే టీడీఎస్ లెక్కలో మీ పాన్ తప్పు పడి ఉంటుంది, లేదా ఆ క్వార్టర్ 24క్యూ వేసే ఉండరు. ఒక మండలంలో ఒక క్వార్టర్ వేయకపోతే పాతికమందికి ఒకేసారి డిమాండ్లు రావడం చూశాను. ఇలాంటిచోట అప్పీలు దండగ. ఇంటిమేషన్ కాపీ, జీతం బిల్లు జత చేసి డీడీఓకు రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. కరెక్షన్ వేశాక 26ఏఎస్‌లో మీ పన్ను కనబడేదాకా ఆగి, అప్పుడు రెక్టిఫికేషన్ పెట్టండి. కంగారుపడి ముందే పెడితే అదే జవాబు మళ్లీ వస్తుంది. ఒక్కడే వెళ్లి అడిగితే రేపు మాపు అంటారు, పాతికమంది కలిసి వెళ్తే ఆ వారంలోనే పని జరుగుతుంది.

ప్రైవేటు కంపెనీ కోసుకుని కట్టకపోతే, అందులోనూ మూసేసి ఉంటే, కరెక్షన్ కోసం ఎదురుచూడటంలో అర్థం లేదు. అప్పుడు సెక్షన్ 205 మీకు అండ. మీ జీతంలో పన్ను పట్టుకున్నాక, ఆ మేరకు మిమ్మల్ని మళ్లీ కట్టమని అడగకూడదని అందులో ఉంది. ఇలాంటి డిమాండ్ల కోసం ఉద్యోగుల వెంట పడొద్దని డిపార్ట్‌మెంట్ పై బోర్డు సీబీడీటీ 2015లో తన అధికారులకు ఆదేశమిచ్చింది, 2016లో మళ్లీ గుర్తుచేసింది. జీతం స్లిప్పులు, ఫారం 16, చేతికొచ్చిన జీతం చూపే బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టి అసెసింగ్ ఆఫీసరుకు రాయండి. ఇది నిదానంగా నడిచే వ్యవహారం. డిమాండ్ చాలాకాలం పోర్టల్లో వేలాడుతూ కనబడొచ్చు. అయినా రెండోసారి కట్టకండి. అందుకే ఉద్యోగం మానేసే రోజునే జీతం స్లిప్పులన్నీ సొంత మెయిల్‌కు పంపుకోమని పిల్లలకు చెబుతుంటాను. కంపెనీ మెయిల్ ఆ సాయంత్రమే మూసేస్తారు.

అప్పీలు

స్టాఫ్‌రూం పెద్దమనిషి సలహా ఇది. నిజంగా అవసరమయ్యేది తక్కువమందికి. లెక్కలో తప్పు కాదు, చట్టం అర్థం గురించే వాదన ఉంది అన్నప్పుడే అప్పీలు. రెక్టిఫికేషన్ అలాంటివాటిని తేల్చలేదు.

షేర్ల లాభం మీద 87ఏ రిబేటు (మేనల్లుడి లెక్కలో వచ్చిన రిబేటే) గొడవ దీనికి మంచి ఉదాహరణ. 2024 జూలై 5న డిపార్ట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ మార్చాక, స్వల్పకాలిక షేర్ల లాభం మీద రిబేటు క్లెయిము చేయడం ఆగిపోయింది. వ్యవహారం బొంబాయి హైకోర్టుకు వెళ్లింది, ఆలస్యంగా వేసే రిటర్నులకు, రివైజ్డ్ రిటర్నులకు గడువు 2025 జనవరి 15 దాకా పెరిగింది. కొందరికి ముందు రిబేటు ఇచ్చి, తర్వాత రెక్టిఫికేషన్ పేరుతో వెనక్కి తీసుకుని డిమాండ్లు పంపారు. వాళ్లు 2025 డిసెంబరు 31 లోపు కడితే వడ్డీ మాఫీ అని సీబీడీటీ సెప్టెంబరులో సర్క్యులర్ ఇచ్చింది. ఐదారు వేల డిమాండ్ ఉన్నవాళ్లకు వడ్డీ లేకుండా కట్టి బయటపడటమే తెలివైన పని అని నేనన్నాను. పాతిక వేలు పోయినవాళ్లు పోరాడతామంటే కాదనలేం.

అప్పీలుకు ఫారం 35 ఆన్‌లైన్లో వేయాలి, 30 రోజుల్లోపు. రుసుము డిమాండ్‌ను బట్టి కాదు, లెక్కతేలిన ఆదాయాన్ని బట్టి: లక్ష దాకా రూ.250, రెండు లక్షల దాకా రూ.500, ఆపైన రూ.1,000. అసలు ఖర్చు ఆడిటర్ గారి ఫీజు. విచారణ ముఖాముఖి కాకుండా ఫేస్‌లెస్ పద్ధతిలో జరుగుతుంది. ఏడాదిలో తేల్చాలని చట్టం అంటుంది గానీ, "వీలైతే" అనే మాట కలిపి అంటుంది. అప్పీలు వేసినంతమాత్రాన వసూలు ఆగదు. స్టే విడిగా అడగాలి, మామూలుగా 20 శాతం ముందు కట్టమంటారు. ఇది 2017 జూలై నుంచి ఉన్న పద్ధతి.

రెక్టిఫికేషన్ పెట్టాం కదా అని అప్పీలు గడువు ఆగదని కూడా గుర్తుంచుకోవాలి. అందుకే డిమాండ్ పెద్దదై, రెక్టిఫికేషన్ మీద నమ్మకం సగమే ఉంటే, ముప్పయ్యో రోజు రాకముందే ఆడిటర్‌తో మాట్లాడండి. పది పదిహేను వేల డిమాండ్‌కు అప్పీలు అనేవాళ్లు ముందు ఆయన ఫీజు అడిగి రండి.

ఎప్పటివో పాత డిమాండ్లు పోర్టల్లో కనబడితే ఒకసారి మళ్లీ చూసుకోండి. 2024 మధ్యంతర బడ్జెట్‌లో 2009-10 ఆర్థిక సంవత్సరం వరకు రూ.25,000 దాకా, 2010-11 నుంచి 2014-15 వరకు రూ.10,000 దాకా ఉన్న బాకీలు, మనిషికి లక్ష మించకుండా, మాఫీ చేశారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం అమల్లోకి వచ్చినా, పాత సంవత్సరాల నోటీసులు పాత సెక్షన్ నంబర్లతోనే నడుస్తాయి. కాబట్టి పైన చెప్పిన 143, 154 నంబర్లు ఇంకొన్నేళ్లు మీ కంటపడుతూనే ఉంటాయి.

టీచరు గారికి జనవరిలో రెండో ఇంటిమేషన్ వచ్చింది. 89 గడిలో రెండువైపులా రూ.14,200. డిమాండ్ సున్నా, పైగా చిన్న రిఫండ్. ఫోన్ చేసి, "ఈసారి 10ఈ నేనే గుర్తుచేస్తాను మాస్టారూ, మిగతా బకాయిలు వాళ్లు వేయాలిగానీ" అన్నారు.